పచ్చడికి పట్టా, కుందేలుకు కోర్టు

కార్ల్స్‌రూహె నగరంలో కొలువైన జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2021 జులై 29న ఒక కుందేలు కేసులో తీర్పు చెప్పింది. చెవులు నిక్కించి పరిగెత్తే కుందేలు కాదు. చాక్లెట్‌తో పోతపోసి, బంగారు రంగు రేకు చుట్టి, మెడలో ఎర్ర రిబ్బనూ చిరుగంటా కట్టి, ఈస్టర్ పండక్కి దుకాణాల్లో వరసగా కూర్చోబెట్టే కుందేలు. ఆ బంగారు రంగు మాదేనని లింట్ కంపెనీ వాదన. 2018లో బవేరియాకి చెందిన ఇంకో చాక్లెట్ తయారీదారు కూడా తన కుందేలుకు బంగారు రేకే చుట్టడం నేరం. కోర్టులో లెక్కలు అప్పజెప్పారు: ముప్పై ఏళ్లలో జర్మనీలో 50 కోట్లకు పైగా కుందేళ్లు అమ్మాం, 2017లో చాక్లెట్ కుందేళ్ల బజారులో 40 శాతానికి పైగా మాదే, సర్వే చేయిస్తే ఈ రంగు కుందేలు రేకును నూటికి 70 మంది మాకే అంటగట్టారు. న్యాయమూర్తులు లెక్కలు తిరగేసి, చాక్లెట్ కుందేళ్ల వరకూ ఈ బంగారు రంగు లింట్‌దేనని తేల్చారు. సగం మంది దాటితే చాలట. మిగతా 30 మంది ఏమన్నారో తెలీదు. బహుశా ‘బంగారు రంగు’ అని ఉంటారు. అంత సూటిగా ఆలోచించేవాళ్ల ఓటుకి మార్కుల చట్టంలో విలువ తక్కువ.

ఆరేళ్ల ముందు అదే కోర్టులో అదే లింట్ ప్రతివాది స్థానంలో నిలబడింది. అప్పటి జంతువు ఎలుగుబంటి. బంగారు రేకు చుట్టిన చాక్లెట్ ఎలుగుబంటిని లింట్ అమ్మితే, జిగురు మిఠాయిల హరిబో కంపెనీకి ఒళ్లు మండింది. ‘బంగారు ఎలుగు’ అన్న మాట మాది, ఆ మాటకు బొమ్మ చేస్తే అచ్చం మీ చాక్లెట్టే అవుతుంది, కనుక మీరు మా మాటను దొంగిలించారని దావా. 2015లో కోర్టు ఒప్పుకోలేదు. ఎలుగు విషయంలో బంగారు రంగు ఎవరబ్బ సొత్తూ కాదని గెలిచిన లింటే, కుందేలు విషయంలో అది మా అబ్బ సొత్తని గెలిచింది. వకీళ్లకు రెండుసార్లూ రుసుము ముట్టింది.

ఇంతటి ధర్మసూక్ష్మాలు నడిచే దేశంలో మన కుర్రాడొకడు పచ్చళ్ల వ్యాపారం పెట్టాడనుకుందాం. మ్యూనిక్‌లో మాస్టర్స్ చదివి, ఉద్యోగంలో కుదురుకుని, అత్తగారు పంపిన ఆవకాయ నలుగురికీ రుచి చూపించి, ‘డబ్బా ఎంతకిస్తావు?’ అన్న ప్రశ్న చెవినబడ్డాక దిగాడన్నమాట. తెలుగువాళ్లు నాలుగిళ్లు చేరిన ఏ ఊళ్లోనైనా ఇలాంటివాడు ఒకడు తయారవుతాడు. సీసాలు కుదిరాయి, లేబులు గీయించాడు, పేరు పెట్టాడు. సరిగ్గా అప్పుడు శ్రేయోభిలాషి ఒకడు ప్రవేశిస్తాడు. ‘ముందు ట్రేడ్‌మార్క్ చేయించు గురూ, లేకపోతే ఎవడో ఒకడు కొట్టేస్తాడు’ అంటాడు. అంతవరకూ మనవాడికి ఆవపిండి ఘాటు తగ్గిందేమో, నూనె పైకి తేలిందో లేదో అన్న బెంగ. ఆ రాత్రినుంచి దొంగల బెంగ.

భయపడకు నాయనా, ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది. మ్యూనిక్‌లో ఇజార్ నదికి దగ్గర్లో జర్మనీ పేటెంటు, ట్రేడ్‌మార్క్ కార్యాలయం. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే 290 యూరోలు, కాగితం మీద పెడితే 300. తొందరగా చూడండి మహాప్రభో అంటే ఇంకో 200. అక్కడ తొందరకు కూడా రసీదు ఇస్తారు, ఆ నిజాయితీని మెచ్చుకోవాలి. మూడు నెలల్లో రుసుము కట్టకపోతే దరఖాస్తు నువ్వే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. కట్టి, పరీక్ష గట్టెక్కితే పదేళ్ల హక్కు. ఆ తర్వాత పదేళ్లకోసారి 750 యూరోలు చెల్లిస్తూ పోతే ఆచంద్రతారార్కం నీదే. నవల రాసినవాడి హక్కు అతను పోయిన 70 ఏళ్లకు పోతుంది. మందు కనిపెట్టినవాడి పేటెంటు 20 ఏళ్లకు చెల్లిపోతుంది. సబ్బుకు పేరు పెట్టినవాడి హక్కుకు మాత్రం చావు లేదు. మానవజాతికి ఎవరి సేవ ఎంతో యూరప్ చట్టం ఇలా తూచింది.

1894లో జర్మనీలో కొత్త మార్కుల చట్టం వచ్చాక ఆ రిజిస్టరులో మొట్టమొదట ఎక్కిన పేరు పెర్కెయో. దీపాలకు పెట్టిన పేరది. అసలు పెర్కెయో ఎవరయ్యా అంటే, హైడెల్‌బర్గ్ కోటలోని బ్రహ్మాండమైన ద్రాక్షసారా పీపాకు కాపలాదారుగా పేరుబడ్డ పొట్టి విదూషకుడు. పుస్తకం మొదటి పుటలోనే ఆస్థాన విదూషకుణ్ణి కూర్చోబెట్టారంటే ఆనాటి గుమాస్తాలకు ముందుచూపు ఉందనుకోవాలి. ఇప్పుడు అందులో చెల్లుబాటులో ఉన్న మార్కులు ఎనిమిది లక్షలకు పైమాటే.

దరఖాస్తులో మొదటి చిక్కు సరుకు ఏమిటో చెప్పడం. పచ్చళ్లు అని రాసి ఊరుకుంటే కుదరదు. 1957లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో దేశాలన్నీ కూర్చుని చేసుకున్న ఒప్పందం ప్రకారం ఈ భూమ్మీద అమ్మదగిన ప్రతి వస్తువూ, చేయదగిన ప్రతి సేవా 45 తరగతుల్లో ఎక్కడో ఒకచోట ఇమడాలి. వస్తువులు 34, సేవలు 11. ఊరగాయ 29వ తరగతి. చట్నీ 30. కారప్పొడి, సాంబారు పొడి, బియ్యం, టీ, కాఫీ కూడా 30. చెట్టుమీంచి కోసిన మామిడికాయ 31. ఆ కాయను ముక్కలు కొట్టి ఆవపిండి కలిపిన క్షణాన అది రెండు తరగతులు దిగి 29లోకి వస్తుంది. రేపు చిన్న టిఫిన్ సెంటరు పెట్టాలనుకుంటే 43. మూడు తరగతుల వరకూ 290 యూరోల్లోనే ఇమిడిపోతాయి, నాలుగోదానికి వంద. ఈ నాలుగు తరగతులూ కోరితే, అన్నం, పచ్చడి, పొడి ఒకే కంచంలో తినే జాతి వాడికి ఆ కంచం ఖరీదు 390 అవుతుంది.

సరుకుల జాబితా రాసేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఒకసారి దాఖలయ్యాక తగ్గించుకోవచ్చు గానీ ఒక్క మాట పెంచుకోవడానికి వీల్లేదు. అందుకని కన్సల్టెంటు చెవిలో చెబుతాడు: ఎందుకైనా మంచిది, సబ్బులూ చెప్పులూ కూడా రాసేద్దాం. రాస్తే ఏమవుతుంది? అయిదేళ్ల వరకు ఏమీ కాదు. అయిదేళ్లు దాటాక ఎవడైనా వచ్చి, మీరు చెప్పులు అమ్మిన బిల్లులు చూపించండి అని అడగొచ్చు. ఈ మధ్యలో నిజంగా చెప్పులు కుట్టి బతికేవాడు తన చెప్పులకు ఆ పేరు పెట్టుకోబోతే, పచ్చళ్ల వ్యాపారి అడ్డంగా నిలబడతాడు. ఒక్క చెప్పు కూడా కుట్టకుండా అయిదేళ్లు చెప్పుల వ్యాపారంలో ఉండే సౌకర్యం ఇంకే చట్టమూ ఇవ్వదు.

ఇక పేరు. ‘స్వచ్ఛమైన పచ్చళ్లు’ అని జర్మన్‌లో రాస్తే తిప్పికొడతారు. సరుకు గురించి నిజం చెప్పే మాట అందరికీ కావాలి, ఒక్కరికి ఇవ్వం అంటారు. ఆ మాట న్యాయంగానే ఉంది. కాబట్టి రిజిస్టరులో ఎక్కాలంటే సరుకు గురించి ఏమీ చెప్పని పేరు కావాలి. ఏమీ చెప్పని పేరును నెత్తికెత్తుకుని, దానికి అర్థం తెప్పించడానికి ప్రకటనల మీద లక్షలు పోసే స్తోమత ఉన్నవాడికి ఈ చట్టం కల్పవృక్షం. పోనీ తెలుగు లిపిలో రాద్దామా అంటే, లాటిన్ అక్షరాల్లో లేని మాట అక్కడ మాటల మార్కు కిందికి రాదు, చిత్రాల మార్కు కిందికి పోతుంది. నన్నయ నాటినుంచి మనం రాసుకుంటున్నవి మ్యూనిక్ గుమాస్తాకి వంకర గీతలున్న బొమ్మలు. చక్కగా ఉన్నాయి అని కూడా అనడు, ఫైలు పరిమాణం ఎక్కువైంది అంటాడు.

ఇప్పుడు అసలు వింత. ఇదే పేరుతో ఇంకొకడు ముందే రిజిస్టరులో ఉన్నాడా అని ఆ కార్యాలయం తనంతట తాను చూడదు. మళ్లీ చెబుతాను, చూడదు. మార్కు వర్ణనాత్మకంగా ఉందా, నీతికి విరుద్ధమా, జెండాలూ రాజముద్రలూ వాడారా, ఇవన్నీ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తుంది. పక్క పుటలో అచ్చం అలాంటి పేరే అలాంటి సరుక్కే ఉంటే మాత్రం అది తన పని కాదంటుంది. నమోదు చేస్తుంది, ధ్రువపత్రం పంపుతుంది, ఆపైన ప్రచురించి, మూడు నెలల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటుంది. తాళి కట్టించి, భోజనాలు పెట్టించి, ఫోటోలు తీయించి, ఆ తర్వాత పెళ్లికొడుకు మొదటి పెళ్లాం ఎవరైనా ఉంటే మూడు నెలల్లో రావాలని చాటింపు వేయించే పురోహితుణ్ణి ఎక్కడైనా చూశారా? వచ్చే ఆవిడ కూడా ఊరికే రాకూడదు. అభ్యంతరానికి 250 యూరోలు కట్టి రావాలి.

అంటే 290 యూరోలు పెట్టి మనవాడు కొన్నది పేరు కాదు. పేరు కోసం దెబ్బలాడుకునే అర్హత. ధ్రువపత్రాన్ని ఫ్రేము కట్టించి పచ్చళ్ల గదిలో తగిలించుకోవచ్చు. అదే వారంలో పాత హక్కుదారు వకీలు నుంచి తాఖీదు వస్తే ఆ ఫ్రేము అడ్డుకోదు.

ఆ తాఖీదును జర్మనీలో ఆబ్‌మానుంగ్ అంటారు. దానికి ప్రపంచంలో సాటి లేదు. సారాంశం మూడు ముక్కలు. మీరు మా మార్కును ఉల్లంఘించారు. వారం పది రోజుల్లో జతపరిచిన హామీపత్రం మీద సంతకం పెట్టండి, మళ్లీ చేస్తే జరిమానా కడతానని ఒప్పుకోండి. మూడోది, ఈ ఉత్తరం రాసినందుకు మా వకీలు ఖర్చు మీరివ్వండి. ఆ ఖర్చు సీసా వెల మీద లెక్కగట్టరు, తగాదా విలువ మీద కడతారు. మార్కు తగాదాల్లో ఆ విలువ తరచుగా 50,000 యూరోల దగ్గర మొదలవుతుంది. దాని మీద వకీలు రుసుము 1,500 యూరోల పైచిలుకు. మనవాడు అప్పటికి అమ్మింది పాతిక సీసాలు.

నన్ను తిట్టినందుకు నీకు నేనెందుకు డబ్బివ్వాలి అని అడగబోతున్నారా? జర్మన్లు ఆ ప్రశ్న ముందే ఊహించారు. వాళ్ల పౌరచట్టంలో 677వ సెక్షను దగ్గర ఒక పాత ధర్మం ఉంది: ఊళ్లో లేని పొరుగువాడి ఇంట్లో కుళాయి పగిలి నీళ్లు పారుతుంటే, అతను అడక్కపోయినా నువ్వు బాగుచేయిస్తే, వచ్చాక అతను నీ ఖర్చు ఇచ్చుకోవాలి. మంచి ధర్మమే. న్యాయస్థానాలు దాన్ని లాగి లాగి తాఖీదుల దాకా తెచ్చాయి. మీ తప్పును ఎత్తిచూపి, ఇంకా ఎక్కువ ఖర్చయ్యే దావా నుంచి మిమ్మల్ని తప్పించాడు కదా, ఆ వకీలు చేసింది మీ పనే, మీ మేలుకే, కనుక ఖర్చు మీదే. ఇంతటి తర్కం కనిపెట్టిన జాతి తత్వశాస్త్రంలో ప్రపంచానికి గురువు కావడంలో ఆశ్చర్యం ఏముంది? పొద్దున్నే వచ్చి చెంప మీద కొట్టి, నిద్ర లేపాను కదా, అయిదొందలివ్వు అనేవాణ్ణి మన దగ్గర రౌడీ అంటాం. అక్కడ అతనికి లెటర్‌హెడ్ ఉంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నకిలీ బ్రేకు ప్యాడ్లూ దొంగ మందులూ అమ్మేవాడికి ఇలాంటి తాఖీదే కావాలి, ఇంకా గట్టిది కావాలి. అసలు మార్కుల చట్టం పుట్టిందే దానికి: కొనేవాడు ఒకరి సరుకనుకుని ఇంకొకరిది కొని మోసపోకూడదని. కానీ పైన చెప్పిన కేసుల్లో ఆ కొనేవాడు ఎక్కడున్నాడో వెతకండి. సర్వే చేసేవాడు రంగు చూపించినప్పుడు తప్ప అతన్ని ఎవరూ లోపలికి పిలవలేదు.

బ్లాక్ ఫ్రైడే కథ చూడండి. నవంబరు నెలాఖరు శుక్రవారం అమెరికాలో చవక అమ్మకాలు పెడతారు, లోకమంతా ఎరిగిన సంగతి. 2013లో ఆ రెండు మాటలూ మ్యూనిక్ రిజిస్టరులో మార్కుగా ఎక్కాయి. హక్కు హాంకాంగ్‌లోని ఒక కంపెనీ చేతికి చేరింది. ఆ తర్వాత తమ దుకాణంలో బ్లాక్ ఫ్రైడే అని ప్రకటించిన జర్మన్ వ్యాపారులకు తాఖీదులు మొదలయ్యాయి. శుక్రవారం అనడానికి హాంకాంగ్ అనుమతి కావాలన్నమాట. శనివారం మాత్రం ఉచితం. రద్దు చేయమని వ్యాపారులు వెళ్లారు. 2018లో ఆ కార్యాలయమే రద్దుకు ఆదేశించింది. పైకోర్టుకు పోయారు. 2020లో పేటెంటు కోర్టు కొన్ని సేవల వరకు కొట్టేసింది. దానిపై ఇంకా పైకి. ఇంకోవైపు, అసలు ఈ మార్కును వాడనేలేదు అన్న వాదనతో బెర్లిన్‌లో వేరే దావా. 2021లో అక్కడి కోర్టు తొమ్మిది వందలకు పైగా సరుకులూ సేవలూ చూసి వాడకం లేదని రద్దు చేసింది, 2022లో దాని పైకోర్టు అదే మాట అంది, 2023లో కార్ల్స్‌రూహెలో ముగిసింది. ఎక్కడానికి కొన్ని వందల యూరోలు, దించడానికి ఏళ్లకు ఏళ్లు. ఆ పదేళ్లలో ఎంతమంది చిన్న దుకాణదారులు ఎందుకొచ్చిన గొడవలే అని బోర్డు మీద ‘నల్ల వారం’ అనో ‘చవక రోజులు’ అనో రాసుకున్నారో ఏ తీర్పులోనూ ఉండదు.

రంగుల సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఇక్కడే ఆ వ్యవస్థ మనసు విప్పి మాట్లాడుతుంది. జర్మనీ పొదుపు బ్యాంకులు, స్పార్కాసెలు, ఎరుపు మాదే అన్నాయి. స్పెయిన్ బ్యాంకు సాంటాండర్‌దీ ఎరుపే. దావాలు లక్సెంబర్గ్‌లోని యూరప్ సమాఖ్య న్యాయస్థానం దాకా వెళ్లి వచ్చాయి. 2015లో పేటెంటు కోర్టు ఆ ఎరుపు మార్కును తుడిచేయమంది. 2016లో కార్ల్స్‌రూహె ఉండనివ్వమంది. కారణం వినాలి: దరఖాస్తు పెట్టిన రోజున ఆ రంగుకు తగినంత పేరు లేకపోయి ఉండవచ్చు, రద్దు అర్జీ మీద నిర్ణయం నాటికి వచ్చేసింది కదా, చాలు. అర్హత లేనప్పుడు కూర్చుని, కుర్చీలోనే ముదిరి అర్హత తెచ్చుకున్నవారిని లేపకూడదు. మన అసెంబ్లీల్లో ఈ సూత్రం తెలియనివాడు లేడు గానీ, దానికి ఇంత గౌరవప్రదమైన భాష కార్ల్స్‌రూహెలోనే దొరికింది.

డాయ్‌చె టెలికాం దగ్గర మెజెంటా ఉంది. 2019లో లెమనేడ్ అనే అమెరికా బీమా కంపెనీ తన గులాబీ రంగుతో జర్మనీలో అడుగుపెట్టింది. టెలిఫోను కంపెనీ కోర్టుకెళ్లి జర్మనీలో ఆ రంగు వాడకుండా ఆపించింది. పేరు నిమ్మరసం, అమ్మేది బీమా, రంగు గులాబీ. ఆ అయోమయంలో కూడా ఎవడైనా దాన్ని ఫోను కంపెనీ అనుకుంటాడా అన్నది వేరే ప్రశ్న. పక్కనే ఫ్రాన్స్‌లో మేధోహక్కుల కార్యాలయం 2020లో, మీరు ఆ రంగును ఈ సేవలకు నిజంగా వాడినట్టు రుజువు లేదు అని టెలికాంకి చెప్పింది. రైను నది దాటితే గులాబీ మళ్లీ గులాబీ అయింది.

కోటలూ దేశాలూ ఈ పందెంలో దిగకుండా ఉంటాయా? రెండో లుడ్విగ్ రాజు కొండమీద కట్టించుకున్న నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట పేరు మీద బవేరియా రాష్ట్రం హక్కు కోరింది. టీ కప్పులూ తాళంచెవుల గొలుసులూ అమ్ముకునే జ్ఞాపికల వ్యాపారుల సంఘం అడ్డం పడింది. 2012లో జర్మనీ అత్యున్నత కోర్టు జాతీయ మార్కును కొట్టేసింది. బవేరియా ప్రభుత్వం ఏమీ నొచ్చుకోలేదు. అప్పటికే స్పెయిన్‌లోని అలికాంటె సముద్రతీరంలో ఉన్న యూరప్ సమాఖ్య మేధోసంపత్తి కార్యాలయంలో అదే పేరును అదే కోటకు చేయించుకుని ఉంచింది. 2018లో లక్సెంబర్గ్ న్యాయస్థానం ఆ మార్కు చెల్లుతుందంది. సొంత దేశపు మార్కు పోయినా, ఆ దేశంలో చెల్లే యూరప్ మార్కు మిగిలింది. పన్ను కట్టేవాడి డబ్బుతో మరమ్మతులు జరిగే కోట పేరు కప్పు మీద వేయాలంటే ఇప్పుడు సర్కారును అడగాలి.

అలికాంటెలోనే ఇంకొకటి జరిగింది. ఐస్‌లాండ్ అనే బ్రిటిష్ సూపర్‌మార్కెట్ల కంపెనీ 2014లో ‘ఐస్‌లాండ్’ అన్న మాటను యూరప్ మార్కుగా సాధించింది. గడ్డకట్టిన బఠాణీల దుకాణం అది. అసలు ఐస్‌లాండ్ దేశం 2016లో లేచి, అయ్యా, ఆ పేరు మాది, మా ఊళ్లో వాళ్లు చేపలు అమ్ముకోవాలంటే మీ అడ్డేమిటి అని అర్జీ పెట్టింది. 2019లో రద్దయింది, 2022లో పై బోర్డు ఖాయపరిచింది, 2025 జులైలో సమాఖ్య జనరల్ కోర్టు సరేనంది. పార్లమెంటూ, తీరరక్షక దళమూ ఉన్న దేశానికి తన పేరు తాను వాడుకోవచ్చని తెలియడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పాతిక సీసాల వ్యాపారికి ఎన్నేళ్లు పడుతుందో త్రైరాశికం వేసుకోవచ్చు.

మన దగ్గరికి వద్దాం. 2006లో లక్సెంబర్గ్ న్యాయస్థానం పరుపుల కేసు ఒకటి తేల్చింది. జర్మన్‌లో పరుపులను మాట్రాట్సెన్ అంటారు. ఆ మాటనే పరుపులకు మార్కుగా స్పెయిన్‌లో ఒక కంపెనీ నమోదు చేయించుకుంది. చెల్లుతుందా? స్పెయిన్‌లో ఆ సరుకు వర్తకులకూ కొనేవాళ్లకూ ఆ అర్థం తెలిసే అవకాశం లేకపోతే చెల్లుతుందంది కోర్టు. ఈ లెక్కన యూరప్‌లో ఒకడు మన గోంగూరనో పులిహోరనో తన పేరున రాయించుకోబోతే, అక్కడి అధికారికి గోంగూర అంటే ఆకు అని ఎవడు చెప్పాలి? ఆ మాట తెలిసిన దిగుమతిదారులు నలుగురుంటే, వాళ్లు సమయానికి చూసుకుంటే, డబ్బు కట్టి అడ్డుపడితే ఆగుతుంది. చూసుకోకపోతే మన కుర్రాడి సీసా మీద గోంగూర అని రాసినందుకు అతనికే తాఖీదు రావచ్చు. సరుకు పేరును సరుకు పేరుగానే వాడాను అని వాదించుకునే హక్కు అతనికి చట్టంలోనే ఉంది. వాదించడానికి వకీలు కావాలి, వకీలుకు తగాదా విలువ మీద రుసుము కావాలి.

ఇదేదో వ్యంగ్యం కోసం పెంచి చెబుతున్నాననుకునేవారికి డార్జీలింగ్ అప్పగిస్తాను. ఫ్రాన్స్‌కు చెందిన డెల్టా అనే లోదుస్తుల కంపెనీ 2010లో డార్జీలింగ్ పేరును యూరప్ మార్కుగా అడిగింది. ఆడవాళ్ల లోదుస్తులకు. ఆ పేరును టీకి సామూహిక మార్కుగా నమోదు చేయించుకున్న భారత టీ బోర్డు అడ్డుపడింది. 2015లో జనరల్ కోర్టులో కొంత ఊరట దొరికింది గానీ, ఆ పేరు ఒక ప్రాంతపు పంటను చెబుతుంది, దాన్ని ఆ ప్రాంతం కోసమే కాపాడాలన్న అసలు వాదన 2017 సెప్టెంబరులో లక్సెంబర్గ్‌లో వీగిపోయింది. సామూహిక మార్కు చేసే పని సరుకు ఏ సంఘం సభ్యులదో చెప్పడం, ఏ కొండమీద పండిందో చెప్పడం కాదన్నారు. టీ ఆకు కోసే కూలీ ఎన్నడూ కొనలేని బాడీలకు ఆమె కొండ పేరు. ఇక్కడ కొనేవాడు మోసపోడన్న మాట నిజమే. లోదుస్తులను మరిగించి తాగేవాడెవడూ ఉండడు.

అయినా సరే పెడతాను అంటావా? పెట్టు, పెట్టకపోతే ఇంకా ప్రమాదం. నీ పేరుతో ఎవడో ముందు దాఖలు చేస్తే నీ సీసాకు నువ్వే దొంగవవుతావు. పెట్టకుండా ఉండలేని పరిస్థితి కల్పించడంలోనే ఈ వ్యాపారం నేర్పంతా ఉంది. హైదరాబాదులో కూర్చుని కూడా పెట్టొచ్చు, పరదేశాల్లో మార్కు అడగనిచ్చే మాడ్రిడ్ ప్రోటోకాల్ 2013 జులై నుంచి మన దేశానికీ వర్తిస్తోందిగా. కాకపోతే దరఖాస్తుకు ముందు రిజిస్టరంతా నువ్వే గాలించుకో. కంటికి ఒకేలా ఉన్న పేర్లు మాత్రమే కాదు, చెవికి ఒకేలా వినిపించేవీ, అర్థం దగ్గరగా ఉన్నవీ. మ్యూనిక్‌లోనివి, అలికాంటెలోనివి, మాడ్రిడ్ దారిన వచ్చినవి, అన్నీ. వెతికే సదుపాయం ఉచితం. వెతికినది అర్థమవడానికి మాత్రం వకీలు కావాలి.

ఇన్ని చేసి, ధ్రువపత్రం కోసం ఎదురుచూస్తుంటే ముందు వేరే కవరు వస్తుంది. పైన గరుడపక్షిని పోలిన చిహ్నం, కేంద్ర రిజిస్టరు అనో యూరప్ ప్రచురణ అనో అధికారం ధ్వనించే పేరు, నీ మార్కు బొమ్మ, దరఖాస్తు సంఖ్య, తరగతులు, గడువు తేదీ, బ్యాంకు ఖాతా సంఖ్య, కట్టవలసిన మొత్తం అసలు రుసుముకు కొన్ని రెట్లు. వెనక బూడిదరంగు సన్న అచ్చులో ఇది కేవలం ఒక ప్రతిపాదన అని ఉంటుంది. మోసగాళ్ల పని. మ్యూనిక్ కార్యాలయమూ అలికాంటె కార్యాలయమూ ఏళ్ల తరబడి హెచ్చరిస్తూనే ఉన్నాయి, అలికాంటెవాళ్లు అలాంటి నకిలీ బిల్లుల జాబితా కూడా పెట్టారు. రిజిస్టరు బహిరంగం కనుక యజమాని పేరూ చిరునామా ఎవడైనా చూడొచ్చు, ఈ ఘనులు రోజూ చూస్తారు. ఆ పుస్తకాన్ని పక్క పుట తిప్పకుండా సంతకం పెట్టే ఆఫీసు కన్నా, దాన్ని అయిదేళ్లు తెరవని హక్కుదారు కన్నా, వీళ్ల చదువు నికార్సైనది. మూడు ఇంటిపేర్లు, రెండు పొడి అక్షరాలు, వీధి పేరులో రెండు చుక్కల ఉమ్లౌట్ అచ్చుతో సహా నీ చిరునామా ఒక్క అక్షరం తప్పు పోకుండా రాసిన మొదటి ఉత్తరం జర్మనీలో నీకు వీళ్ల దగ్గర్నుంచే వస్తుంది.